ఆ ఆటలో స్వరం చేతికి రాదు, కాలం వస్తుంది

కావలి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయొలిన్‌లో డిప్లొమా పూర్తిచేసి, పన్నెండేళ్లుగా ఇంట్లోనే పిల్లలకు పాఠం చెబుతున్నారు. కూతురికి తొమ్మిదేళ్లు. నిరుడు విజయదశమికి పాప చేత వయొలిన్ పట్టించారు. మొదటి పాఠాలైన సరళి వరసలు రెండు కాలాల్లో (వేగాల్లో) వస్తున్నాయి, ఒక్కో స్వరాన్ని రెండుసార్లు పలికే జంట వరసలు మొదలయ్యాయి. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు, తన పిల్లలు పెద్దవాళ్లై పక్కన పడేసిన నింటెండో 'వీ' ఆటపెట్టెను, దాంతోపాటు 'వీ మ్యూజిక్' అనే డిస్కును మేనకోడలి చేతిలో పెట్టి వెళ్లాడు. "అక్కా, ఇందులో వయొలిన్ కూడా ఉంది, పాఠానికి పనికొస్తుంది" అన్నాడట.

ఆమె ఆశపడే కూర్చున్నారు. కుడిచేతి రిమోట్ కమాను, ఎడమచేతిలోని నన్‌చక్ (రిమోట్‌కు తీగతో తగిలించే చిన్న పిడి) వయొలిన్ మెడ. "ఎంత శ్రద్ధగా కమాను లాగినా, ఊరికే చెయ్యి విదిలించినా ఒకటే స్వరం. ఎడమచేతి వేళ్లకు పనే లేదు. గమకం లేదు. కావాలని అపస్వరం వేద్దామన్నా పడదు. పైగా గాంధారం నా చెవికి ఎక్కువగా పలుకుతోంది. అరగంటలో కట్టేశాను" అని రాశారు. పాప మాత్రం ఊపిన మొదటి ఊపుకే పాట పలికేసరికి మురిసిపోయింది. "అమ్మా, నీ వయొలిన్ కంటే నాకు ఇదే బాగా వస్తోంది" అన్నదట. అప్పటినుంచి సాధనకు పిలిస్తే కడుపునొప్పి, తలనొప్పి. భర్త "పిలకాయలు, ఆడుకోనీ" అంటున్నారు. అత్తగారు "అదీ సంగీతమే గదమ్మా" అంటున్నారు. పాప వాయించినవి ఆటలోంచే పంపమని తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు. ఇద్దరు ముగ్గురు తల్లులైతే వేసవిలో ఈ ఆటతోనే ఒక క్లాసు పెట్టమంటున్నారు. "ఈ ఆటను నేనే తప్పుగా చూస్తున్నానా, లేక దీన్ని ఇంట్లో ఉంచడమే తప్పా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీ చెవి సరిగ్గానే విన్నది. మీరు రాసిన ప్రతి లోపమూ నిజం. ముందు గాంధారం సంగతి చూద్దాం. ఆ ఆటలోని స్వరాలన్నీ పియానో పద్ధతిలో స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి పెట్టినవి. తంబురాతో కలిసి మోగే అంతర గాంధారం షడ్జానికి 5/4 వంతు, సెంట్ల లెక్కలో (స్థాయిని 1200 భాగాలు చేసే కొలత) 386. సమభాగాల పద్ధతిలో అదే గాంధారం 400 దగ్గర ఉంటుంది. అంటే 14 సెంట్లు ఎక్కువ. పెద్దవాళ్ల వయొలిన్ మీద గాంధారం పలికే చోట ఇది సుమారు 2 మిల్లీమీటర్లు వేలు జరిపినంత తేడా. ఏళ్ల తరబడి తంబురా పక్కన వాయించిన చెవికి అది ముల్లులా తగలకుండా ఉండదు. పంచమం 702 సెంట్లకు బదులు 700 కాబట్టి అక్కడ మీకు ఇబ్బంది తెలిసి ఉండదు.

వేళ్లకు పని లేకపోవడం, అపస్వరం పడకపోవడం కూడా మీ భ్రమ కాదు. 2008లో జపాన్ కంపెనీ నింటెండో ఈ ఆటను విడుదల చేసినప్పుడే దాన్ని అలా కట్టింది. అప్పటికి సంగీతం ఆటలంటే ఎక్కువగా గిటార్ హీరో (2005), రాక్ బ్యాండ్ (2007) తరహావి. తెర మీద రంగు గుర్తులు దిగుతుంటాయి, వేళకు బొత్తాం నొక్కాలి, తప్పితే మార్కులు పోతాయి. తర్వాత 2011లో వచ్చిన రాక్‌స్మిత్ అనే ఆటలో నిజమైన గిటారునే కేబుల్‌తో తగిలించి వాయించాలి. వీ మ్యూజిక్ ఈ రెండు దారుల్లోనూ నడవదు. పాట కట్టేటప్పుడు మార్కులు లేవు, తెర మీద అనుసరించాల్సిన గుర్తులు లేవు, ఓడిపోవడం లేదు. వాయిద్యాలు అరవైకి పైగా ఉన్నాయి. అందులో సితార్ ఉంది, కుక్క వేషం వేసుకుని మొరిగే 'వాయిద్యం' కూడా ఉంది. దాన్ని చూస్తేనే తెలుస్తుంది ఆట కట్టినవాళ్లు ఎవరిని మనసులో పెట్టుకున్నారో.

ఇప్పుడు అసలు కీలకం. మీరు రిమోట్ ఊపినప్పుడు ఆట ప్రధానంగా చూసేది ఆ ఊపు *ఎప్పుడు* పడిందన్నది. పాట నడకలో ఆ క్షణానికి ఏ స్వరం రావాలో ముందే రాసి ఉంటుంది, అదే పలుకుతుంది. పాటలో స్వరం లేని చోట ఊపితే, ఆ సమయానికి నడుస్తున్న కార్డ్‌లో (కలిసి మోగే స్వరాల గుంపులో) ఇమిడే స్వరాన్ని ఆటే ఎంచి పలికిస్తుంది. కాబట్టి అపస్వరానికి తావు లేదు. స్వరస్థానం, కమాను ఒత్తిడి, గమకం మూడూ యంత్రం దగ్గర ఉన్నాయి. మీ చేతికి వదిలినవి వేరు: ఎప్పుడు మోగించాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఎంత ఒత్తుగా వాయించాలి, ఏ వాయిద్యం పక్కన ఏ వాయిద్యం కూర్చోవాలి. మీరేమో స్వరం కోసం విన్నారు. కాలం ఉన్న చోట స్వరాన్ని వెతికితే అరగంటలో విసుగు రావడం న్యాయమే. బాకా తరహా వాయిద్యాలదీ ఇదే కథ. రిమోట్‌ను నోటి ముందు పెట్టుకున్నట్టు పట్టుకుని 1, 2 బొత్తాలు నొక్కితే చాలు, ఊదే పని లేదు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం విన్నవాళ్లు, పెదవీ ఊపిరీ అక్కర్లేని ఆ ధ్వనిలో రాగం వెతికితే దొరికేది ఏమీ ఉండదు.

అయితే కాలం ఒక్కటే మన చేతిలో ఉన్న ఆటలో, ఆ కాలమే తప్పితే మిగిలేది సున్నా. మీ ఇంట్లో అది తప్పుతోందేమో ముందు చూడండి. "ఊపు తర్వాత కాస్త ఆలస్యంగా పలుకుతోంది" అని మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. టీవీకి బ్లూటూత్ స్పీకర్ తగిలించామని ఇంకోచోట ఉంది. బ్లూటూత్ స్పీకర్లలో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా వెనకబడటం మామూలే. నిమిషానికి 60 దెబ్బల నడకలో దెబ్బను నాలుగు చేసే చతురశ్ర గతిలోని ఒక్కో మాత్ర 250 మిల్లీసెకన్లు, 120 దెబ్బల నడకలో 125. అంటే చురుకైన పాటలో మీరు సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, ఊపిన ఊపు ఒక మాత్ర వెనక్కి పోయి పలుకుతోంది. తాళం తెలిసిన మీకు అది చిరాకు. తాళం ఇప్పుడిప్పుడే నిలబడుతున్న పాపకు అది నిజంగా చెరుపు. శబ్దం తనతో కలవాలని ఆ పిల్ల తెలియకుండానే ముందుగా ఊపడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు వయొలిన్ మీదకు వస్తే, కమాను తాళానికి ముందే పరుగెత్తుతుంది.

పరీక్ష చాలా తేలిక. ఆటలో డ్రమ్ములాంటి తాళవాద్యం ఎంచుకోండి. రిమోట్ తాడు మణికట్టుకు వేసుకుని, రిమోట్‌తోనే మీ తొడ మీద తట్టండి. తట్టిన చప్పుడూ టీవీలోని డ్రమ్ము చప్పుడూ ఒకటిగా వినపడితే సరే. 'త-ద' అని రెండుగా విడివిడిగా వినపడితే ఆలస్యం ఉన్నట్టే. మొదట బ్లూటూత్ తీసేసి టీవీ సొంత స్పీకర్లలోనే వినండి. తర్వాత టీవీ సెట్టింగుల్లో 'గేమ్ మోడ్' అని ఉంటే దాన్ని పెట్టండి. కొత్త ఎల్ఈడీ టీవీలు బొమ్మను చక్కదిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి, ఈ మోడ్‌లో ఆ పని చాలావరకు మానేస్తాయి. అప్పటికీ రెండు చప్పుళ్లు విడిగానే ఉంటే స్పీకర్‌ను వైరుతో తగిలించి చూడండి. ఏం చేసినా కలవకపోతే ఆ టీవీ మీద పాప చేత లయ పని ఏదీ చేయించకండి. ఉత్త ఆటగా ఆడుకోనివ్వండి.

ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే. అమెరికాలో కొన్న వీ అడాప్టర్ 120 వోల్టులకు చేసింది, మన గోడ సాకెట్లో వచ్చేది 230. మీ తమ్ముడు వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఉంటాడు. అడాప్టర్ ప్లగ్గును ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు టేపు చుట్టి, విడదీయడానికి వీల్లేకుండా ఉంచండి. ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని పీకి నేరుగా గోడకు పెడితే అడాప్టర్ మాడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే ట్రంక్ రోడ్డు మీది ఎలక్ట్రికల్ షాపులో 230 నుంచి 110కి దించేది, 100 వాట్లకు తగ్గనిది అడిగి తీసుకోండి.

ఇక పాప సంగతి. "నీ వయొలిన్ కంటే ఇదే బాగా వస్తోంది" అన్న మాట మీకు ఎక్కడ తగిలిందో అర్థమవుతోంది. కానీ ఆ మాటలో పిల్ల తప్పు లేదు. వయొలిన్ మీద తొమ్మిదేళ్ల పిల్ల ఒక్క శుద్ధమైన గాంధారం పలికించాలంటే ఎడమచేతి వేలు, కుడిచేతి మణికట్టు, కమాను వంపు, ఒత్తిడి అన్నీ ఒకేసారి కుదరాలి. ఏ ఒక్కటి కుదరకపోయినా గీరినట్టు మోగుతుంది. ఆటలో ఆ నాలుగూ ఎవరో చేసిపెడుతున్నారు. వాన పడితే ఎవరి చెరువైనా నిండుతుంది, తూము తిప్పడం రావాలి కదా అని పాపతో వాదనకు దిగకండి. ఆ వయసుకు ఆ వాదన ఎక్కదు. వాదించిన కొద్దీ వయొలిన్ అమ్మ పక్షం, ఆట తన పక్షం అయిపోతాయి.

మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి. ఏది పట్టినా దాని వెంట వచ్చేది కూడా తెలిసి పట్టండి.

పెట్టెను అటక మీద పెట్టేయడం ఒక దారి. పరీక్షలు ముంచుకొచ్చినప్పుడో, ఆటకోసం పిల్ల అన్నం నిద్ర మానేస్తున్నప్పుడో అది సబబే. కానీ మీ ఇంట్లో కారణం వయొలిన్ అని పాపకు తెలిసిపోతుంది. మామయ్య ఇచ్చిన బొమ్మ వయొలిన్ వల్ల పోయిందన్నది పిల్ల మనసులో చాలా కాలం ఉంటుంది. పోనీ సాధన పెరుగుతుందా అంటే, అంతకంటే పొరుగింటి ఫోన్లో ఇంకో ఆట వెతుక్కోవడమే ఎక్కువ జరుగుతుంది. ఈ దారి పట్టాలనుకుంటే సాధనకు ముడిపెట్టకుండా, ఎప్పుడు తిరిగి దించుతారో చెప్పి మరీ పెట్టండి.

మీవారు చెప్పినట్టు ఉత్త ఆటగా వదిలేయడం రెండోది. ఇది చెడ్డ దారి కాదు, నిజానికి ఆ డిస్కు తయారైందే దానికోసం. షరతు ఒక్కటి: ఆటా పాఠమూ ఒకే గదిలో, ఒకే పూట ఉండకూడదు. ఎందుకో చెబుతాను. రిమోట్‌ను పిడికిట్లో పట్టుకుంటారు. కమానును పట్టేది బొటనవేలు కాస్త వంచి, మిగతా వేళ్లు కర్ర మీద వాల్చి, చిటికెన వేలుతో బరువు తూచుతూ. ఇరవై నిమిషాలు పిడికిలి పట్టి ఊపిన చేతికి వెంటనే కమానిస్తే పిడికిలే వస్తుంది. మోచెయ్యి పైకి లేస్తుంది, కమాను తంతికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా జారి మెడ వైపు పోతుంది. ఆటలోని 'వయొలిన్'కు కమాను వంకర తెలియదు, అసలు వయొలిన్‌కు తెలుస్తుంది. అందుకని వయొలిన్ పొద్దున బడికి ముందు, ఆట శని ఆదివారాల సాయంత్రం, ఇలా దూరంగా పెట్టండి. ఒకేరోజు రెండూ తప్పకపోతే వయొలిన్ ముందు, ఆట తర్వాత. "సాధన చేస్తేనే ఆట" అని మాత్రం బేరం పెట్టకండి. బేరం పెట్టిన రోజునుంచి వయొలిన్ చెల్లించాల్సిన బాకీ అవుతుంది, ఆట సొత్తవుతుంది. వేళలు ఖాయం చేస్తే ఆ గొడవ ఉండదు.

మూడో దారికి మీ సమయం కావాలి. వారానికి ఒక్క అరగంట పాపతోపాటు మీరూ కూర్చోవడం. ఆలస్యం పరీక్షలో టీవీ నెగ్గితేనే దీనికి దిగండి. మీలాంటి పాఠకులకు ఈ ఆటలో పనికొచ్చేది నిజంగా ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నాలుగు దెబ్బల నడక ఉన్న పాట ఒకటి ఎంచుకోండి, రెండు ఆవర్తాలు కలిస్తే మన ఆది తాళం ఎనిమిది అక్షరాలు. మీరు పక్కన కూర్చుని చేత్తో తాళం వేయండి. పాప మొదట దెబ్బకు ఒక్క ఊపు ఊపాలి. తర్వాత రెండు, తర్వాత నాలుగు. సరళి వరసల మూడు కాలాలే ఇవి, మొదటి రెండూ పాపకు తెలిసినవే. రెండో కాలానికి వచ్చేసరికి పాటలో లేని స్వరాలు ఆటే ఇరికించడం మొదలుపెడుతుంది. మూడో కాలంలో అసలు పాట గుర్తుపట్టలేనంతగా పూడిపోతుంది. అప్పుడు ఆపి అడగండి: "పాట ఏ చోట పోయింది?" తర్వాత తిరగేయండి. ప్రతి ఆవర్తంలో మొదటి అక్షరానికి మాత్రమే ఊపమనండి, మిగతాదంతా మౌనం. సమం ఎక్కడుందో పిల్ల చేతికి పట్టుబడేది ఇక్కడ. వయొలిన్ మీద మౌనం నేర్పడం ఎంత కష్టమో మీకు తెలుసు. పిల్లలు కమాను ఆపితే తప్పు చేశామనుకుంటారు. ఈ ఆటలో ఆపడం కూడా వాయించడమే అని చెవికి వినిపించవచ్చు.

అది వచ్చాక ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) మార్చండి. సమం దాటి అర అక్షరం తర్వాత ఎత్తుకోమనండి. మీ చెయ్యి తాళం తప్పకూడదు, పాప చెయ్యి మీ చేతికి పడకూడదు. మొదట్లో రెండు ఆవర్తాలకే జారి సమానికి వచ్చేస్తుంది. తిట్టకండి, మళ్లీ ఎత్తించండి. మూడు దెబ్బల పాట దొరికితే తిశ్రం పట్టండి. అయిదు, ఏడు అక్షరాల ఖండ, మిశ్ర నడకల కోసం మాత్రం ఈ పెట్టెలో వెతక్కండి, వాటికి మీ అరచేయే మేలు.

ఆరు భాగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించే వీలు కూడా ఉంది: పాట, దాని జోడు, కార్డులు, మంద్రంలో నడిచే భాగం, రెండు తాళవాద్యాలు. పాపను మంద్రభాగంతో మొదలుపెట్టించండి, పాటతో కాదు. ఆ భాగం ఎంత తక్కువ వాయిస్తే పాట అంత నిలబడుతుందని రెండో మూడో ప్రయత్నానికి తనకే తెలుస్తుంది. వాయించడం అయ్యాక ఆట మార్కు వేయదు, వాయించినవాళ్లే తమకు తాము నూటికి ఇంత అని వేసుకోవాలి. దాన్ని వదలకండి. పాప ఎంత వేసుకున్నా మీరు మార్చవద్దు, కారణం ఒక్కటి చెప్పించండి చాలు. "తాళం మధ్యలో పరుగెత్తింది, అందుకని అరవై" అని ఆ పిల్ల నోటినుంచి వచ్చిన రోజు, మీరు పది పాఠాల్లో చెప్పేది తానే విన్నట్టు.

డిస్కులోనే చెవిని పరీక్షించే చిన్న ఆట ఒకటి ఉంది. ఒకే స్వరం పలికేవాళ్లను గుర్తుపట్టడం, ఏ స్వరం ఎత్తో ఏది తగ్గో చెప్పడం లాంటివి. అది బాగుంది. దానికి మార్కులూ ఉన్నాయి. కానీ ఆడిన వెంటనే తంబురా పెట్టి పాప చేత షడ్జం, పంచమం, అంతర గాంధారం ఒక నిమిషం పాడించండి. సమభాగాల గాంధారం చెవిలో స్థిరపడకుండా ఉండాలంటే ఆ నిమిషం తప్పనిసరి. అలాగే ఆట నడుస్తుండగా దానితోపాటు వయొలిన్ వాయించే ప్రయత్నం వద్దు. మీది అయిదు శ్రుతో అయిదున్నరో అయి ఉంటుంది, ఆటలోని పాటల శ్రుతులు వాటి ఇష్టం. కలిపితే ఇద్దరికీ చెవి చెడుతుంది.

ఈ మూడో దారిలో వచ్చే చిక్కు చెప్పకపోతే అన్యాయం. మీరు పక్కన కూర్చోగానే ఆట పాఠమైపోయే ప్రమాదం ఉంది. మీరు సరిచేయడం మొదలుపెడితే పాప రిమోట్ పక్కన పెట్టేస్తుంది. అరగంటలో ఇరవై నిమిషాలు పాప చెప్పిన పాట, పాప చెప్పిన వాయిద్యం, అది కుక్క వేషమైనా సరే. మీ పని మిగతా పది నిమిషాలకే.

నాలుగో దారిలో టీవీ అక్కర్లేదు. మీ ఇంటికి అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. ఆటలో పాపను ఆకట్టుకున్నదేమిటి? స్వరం తప్పదన్న భరోసా, కాలం మీద స్వేచ్ఛ. ఆ రెండూ వయొలిన్ మీదే ఇవ్వవచ్చు. ఖాళీ తంతులు! మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం. ఎడమచేతి వేలు ఏదీ పెట్టకుండా వాయిస్తే, మీరు శ్రుతి చేసిపెట్టిన తంతి మీద అపస్వరం పడదు. రోజూ సాధన మొదట్లో అయిదు నిమిషాలు పాపకు ఖాళీ తంతులు ఇచ్చి, ఇష్టం వచ్చినట్టు వాయించమనండి. పొడుగు కమాను, పొట్టి కమాను, తకిట, తకధిమి, మధ్యలో ఆగడం. మీరు ఆదితాళం ఎనిమిది అక్షరాల్లో మాయామాళవగౌళ సరళి వరస ఒకటి మెల్లగా వాయిస్తూ ఉండండి, పాప షడ్జ పంచమాలతో దానికి లయ కట్టాలి. అమ్మ వాయించేదానికి తాను తోడు వాయిస్తున్నానన్న సంగతి పిల్లకు మొదటి రోజే తెలుస్తుంది. ఇన్ని నెలలుగా వరసలు నేర్చుకున్నా ఆ అనుభవం తనకు ఇంకా అంది ఉండదు. ఆట అందించింది అదే.

ఇందులో చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఖాళీ తంతి మీద కమాను బ్రిడ్జికీ మెడకూ నడుమ ఒకే చోట నడవాలి. పాపను అద్దానికి పక్కవాటుగా కూర్చోబెడితే కమాను తంతిని అడ్డంగా దాటుతోందో లేదో తనకే కనపడుతుంది. రెండోది, అయిదు నిమిషాలు అయ్యాక వెంటనే జంట వరసల్లోకి దిగండి, మధ్యలో ఉపన్యాసం వద్దు. జంటలో రెండో స్వరం మీద పడాల్సిన ఒత్తు, ఖాళీ తంతి మీద ఆడుకున్న చేతికి తేలిగ్గా వస్తుంది. ఆ చెయ్యి అప్పటికే ఒత్తుగా, తేలిగ్గా, మళ్లీ ఒత్తుగా నడిచి ఉంటుంది. ఈ దారికి నష్టం లేదా అంటే, సాధనలో అయిదు నిమిషాలు తగ్గడం ఒక్కటే. కడుపునొప్పి పేరుతో అరగంట పోవడం కంటే అది చాలా తక్కువ.

రెండోదీ నాలుగోదీ కలిపి నెల రోజులు నడిపి చూడండి, ఓపిక ఉంటే మూడోది వారానికోసారి. నెల తర్వాత కూడా పాప వయొలిన్ చూడగానే మొహం తిప్పుకుంటే, దానికి కారణం ఆటపెట్టె కాకపోవచ్చు. పొద్దున్నే లేపడమో, వయొలిన్ సైజు పాప చేతికి పెద్దదవడమో, మిగతా శిష్యుల ముందు సరిదిద్దడమో చూడాల్సి ఉంటుంది. చివరిదాన్ని ముందు చూడండి. అమ్మే గురువైన ఇంట్లో పిల్లలు ఎక్కువగా నొచ్చుకునేది అక్కడే.

మీ అత్తగారి మాటకు అడ్డు చెప్పనక్కర్లేదు. అదీ సంగీతమే, అందులో సగం. మీ తమ్ముడికి మాత్రం ఆట బాగోలేదని చెప్పకండి, పాప ఎంత మురిసిందో చెప్పండి, అది నిజం కూడా. వాయించినవి ఆటలోంచే ఇంటర్నెట్ ద్వారా పంపుకునే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది, దానికి వాడిన వీ సేవను నింటెండో 2013 జూన్‌లో ఆపేసింది. కాబట్టి టీవీ ముందు పాపను నిలబెట్టి ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పెట్టండి. వారానికి ఒకటి ఆటది, ఒకటి ఖాళీ తంతులది. మామయ్య రెండోది చూసి ఏమంటాడోనని పాప ఎదురుచూడటం మొదలైతే మీ పని సగం తేలికవుతుంది.

వేసవి క్లాసు విషయం. వయొలిన్ క్లాసు పేరుతో దీన్ని పెట్టవద్దని గట్టిగా చెబుతాను. నెల గడిచాక ఏ తల్లి అయినా "మా వాడు ఏం నేర్చాడు" అని అడిగితే చూపించడానికి స్వరం ఉండదు, ఇన్నేళ్ల మీ పేరు పోతుంది. 'లయ ఆటలు' అని పేరు పెట్టి, వయొలిన్‌తో సంబంధం లేదని ముందే చెప్పి పెట్టగలిగితే పెట్టండి. అప్పుడూ లెక్కలు చూసుకోవాలి. ఒక్క పెట్టె మీద ఒకేసారి నలుగురు మాత్రమే వాయించగలరు. అంటే నాలుగు రిమోట్లు, వయొలిన్ తరహా వాయిద్యాలకు నాలుగు నన్‌చక్‌లు. చేతులు బార్లా చాపినా ఒకరికొకరు తగలనంత ఎడం ఉండాలి, మీ ముందుగదిలో నలుగురు పట్టడమే కష్టం. మణికట్టు తాడు లేకుండా ఏ పిల్లకూ రిమోట్ ఇవ్వకూడదు, జారిన రిమోట్ నేరుగా టీవీ తెరకే పోతుంది. ఎవరైనా తల్లి తానూ ఒక పాత వీ కొంటానంటే డిస్కూ పెట్టే ఒకే దేశానివి కావాలని చెప్పండి. అమెరికా డిస్కు యూరప్ పెట్టెలో తిరగదు.

ఇంత ఖర్చూ బాధ్యతా ఎందుకు అనిపిస్తే ఆ తల్లులకు ఇంకోటి చెప్పండి. వేసవిలో వారానికి రెండు పూటలు, పెట్టె ఏమీ లేకుండా, చేతితాళం, కొన్నక్కోలు (తకిట, తకధిమి లాంటి జతులను నోటితో చెప్పడం), ఖాళీ తంతుల మీద లయ. చాప మీద ఎనిమిది మంది పిల్లలు పట్టేస్తారు. శ్రుతి మీ చేతిలో ఉంటుంది.